కిటికీ కింద నా కాపురం

నా ఒంటి మీద అమెరికన్ రేడియేటర్ కంపెనీ పేరు పోతలోనే వచ్చింది. ఇప్పుడు చదవలేరు. అద్దెవాళ్లు మారినప్పుడల్లా మరో పూత వెండి రంగు పడి, అక్షరాలు పూడుకుపోయాయి. ఆ రంగుకు నా వేడి కాస్త తగ్గుతుంది కూడా. ఇంటివాళ్లు తెలిసే పూస్తారో ఏమో!

మా మూలపురుషుడు ఫ్రాంజ్ సాన్ గల్లి. 1850లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గదిని వెచ్చబెట్టే మొదటి రేడియేటర్ ఇనుముతో చేశాడంటారు. మా కంపెనీ 1892లో పుట్టింది. 1924లో న్యూయార్క్ బ్రయంట్ పార్కు ఎదుట నల్ల ఇటుకతో, బంగారు రంగు శిఖరంతో మేడ కట్టించుకుంది. 1927లో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ దాని బొమ్మ గీసింది. నా వంతుకు వెండి రంగే మిగిలింది.

నేనుండేది ఆ న్యూయార్క్‌లోనే, క్వీన్స్‌లో, పాత అపార్టుమెంటులో. సెల్లార్‌లోని బాయిలర్ నుంచి ఆవిరి ఒక్క గొట్టంలోనే పైకొస్తుంది. నాలోని గాలి పక్కనున్న చిన్న మూతలోంచి బుస్సుమని బయటికి పోతుంది. ఆవిరి తన వేడి నాకిచ్చి నీరై, వచ్చిన దారినే దిగిపోతుంది. అందుకే నన్ను గొట్టం వైపు కాస్త వాలుగా నిలబెడతారు. నేల కుంగి వాలు తప్పిందా, నిలిచిన నీటిని ఆవిరి ఎత్తి కొడుతుంది. అర్ధరాత్రి ఆ సుత్తి మోత విని తిట్టుకునేది నన్నే.

అతివేడి అని కూడా తిడతారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా జనాన్ని ఊడ్చుకుపోయిన కాలంలో, గదిలోకి మంచి గాలి రావాల్సిందేనన్న పట్టుదల బలపడింది. గడ్డకట్టే చలిలో కిటికీ తెరిచి ఉంచినా గది వెచ్చగా ఉండాలని బాయిలర్లనూ మమ్మల్నీ పెద్దవిగా పెట్టారు. తరవాత జనం కిటికీలు మూసేశారు, మేం చిన్నవాళ్లం కాలేదు.

ఇప్పుడు నా దగ్గరున్నది భీమవరం వాళ్లు. జనవరిలో దోసెల పిండి పొంగాలంటే నేనే దిక్కు. మీద పెడితే అడుగు ఉడికిపోతుంది, పక్కన పెట్టాలి; కోడలికి ఆ లెక్క తెలుసు. ఈసారి అత్తగారొచ్చారు. ఉక్కపోతకు తట్టుకోలేక, బయట మంచు పడుతుండగా కిటికీ బార్లా తీశారు.

“అత్తయ్యా, వేడంతా బయటికి పోతోంది!”

“పోనీవే అమ్మాయ్. బిల్లు మనకేనా?”

“అద్దెలోనే లెండి.”

“మరింకేం!”

ఇంజనీర్లు నన్ను చేయించింది సరిగ్గా ఇలాంటి ఇల్లాలి కోసమే.