గేదెకు విందు పెట్టే విధానం

పశువు మేతకు శాస్త్రం ఎందుకండీ? గడ్డి తినే జీవానికి గడ్డి పడేస్తున్నాం, అంతే కదా!

తొలకరికి వేసిన జొన్న మోకాలెత్తు లేచాక వాన ముఖం చాటేసి, ఆకు చుట్టుకుపోతోందా? గేదెను వదలడానికి అదే అదను. ముసలివాళ్లు ‘అది నామురా, మేస్తే గొడ్డు దక్కదు’ అని గోల పెడతారు. లేత జొన్నలో, బెట్టకొచ్చిన పైరులో, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లో సైనైడు విషం ఉంటుందట, పూతకొచ్చేదాకా ఆగాలట. అప్పటికి మేత ముదిరిపోదూ! ముందుగా ఎండుగడ్డి వేసి ఆకలి చంపకండి, ఖాళీ కడుపైతే ఆవురావురుమని మేస్తుంది. కాసేపటికే వగర్చి, తూలి, పడిపోతే దిష్టి తీయండి. సోడియం థయోసల్ఫేట్ సూదిమందు ఉంది గానీ, ఎర్రనీళ్లు తిప్పడం అయ్యాక డాక్టరుకు కబురు పెట్టొచ్చు.

ఊళ్లో పెళ్లయితే గేదెకూ పండగే. మిగిలిన అన్నం గంగాళంతో తెచ్చి గాబులో గుమ్మరించండి. కుడితిలో గుప్పెడు కలపడం పిసినారుల పని. అలవాటు లేని పొట్టలో అదంతా ఒక్కసారిగా పులుస్తుంది. నెమరు ఆగిపోతుంది, పుల్లటి కంపుతో పేడ నీళ్లలా పడుతుంది, మర్నాటికి గేదె లేవదు. పుణ్యం మాత్రం మీకు దక్కుతుంది. దాణా కూడా కొద్దికొద్దిగా పెంచుతూ రెండు వారాల్లో అలవాటు చేయమంటారు. అంత ఓపికెవరికి? మొక్కజొన్న పిండి బస్తా మూతి విప్పి, పలుపు వదులుగా కట్టండి. రాత్రికి తనే వడ్డించుకుంటుంది.

మంచు ఆరని లూసర్న్ మేసి ఎడమ డొక్క ఉబ్బిందా? తల పైకెత్తి, నాలుక లాగిపట్టి, గొట్టంతో నూనె గబగబా పోయండి. ఊపిరితిత్తుల్లోకి పోయినా పోసిన తృప్తి మనది.

100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 3 వారాలు మాగేయాలన్నది పుస్తకాల మాట. మీరు దోసిలితో కొలిచి సాయంత్రానికే పెట్టేయండి. బూజు పట్టిన వేరుశనగ చెక్కనూ పారేయకండి. ఆ బూజు విషం పాలలోకి దిగి మన కాఫీకే వస్తుంది, ఏదీ వృథా కాదు.

1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యం బండి వస్తుంది. తొందరేముంది, ముందు నలుగురినీ పిలిచి చూపించండి. అన్నట్టు, దురద పెడుతోందని చెవి ట్యాగు ఎప్పుడో పీకేశారుగా? మంచి పని చేశారు. బీమా వాళ్లకు మీ ఊరొచ్చే శ్రమ తప్పింది.