చదివింపుల శాస్త్రం

జీతం రాగానే దాన్ని ఎలా ముక్కలు చేయాలో చెప్పేవాళ్ళకు ఇప్పుడు కొదవలేదు. అద్దెకింత, పిల్లల ఫీజులకింత, బీమాకింత, ఎస్‌ఐపీకింత అని గళ్ళు గీసి ఇస్తారు. ఆ గళ్ళల్లో చదివింపుల గడి ఎక్కడా కనబడదు. మాఘమాసంలో ఒకే వారానికి నాలుగు శుభలేఖలు అందుకున్న ఇల్లాలికి ఈ లోపం ఎంతటిదో ఒకరు చెప్పనక్కర్లేదు. షేర్ల మీదా ఫండ్ల మీదా అంత సాహిత్యం పుట్టిన చోట, తెలుగు కుటుంబం తరతరాలుగా వాయిదా తప్పకుండా కడుతూ వస్తున్న ఈ పథకం మీద ఒక్క ప్రామాణిక గ్రంథం లేకపోవడం పండితలోకానికి తలవంపులు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నాం.

ముందు లక్షణం చెప్పాలి. పెళ్ళిపందిట్లో వేదికకూ భోజనాలకూ మధ్య, ఎవరూ తప్పించుకుపోలేని చోట, ఒక బల్ల వేసి ఉంటుంది. దాని వెనక ఇద్దరు కూర్చుంటారు. ఒకాయనకు చేతిరాత కుదురు. ఎక్కువగా రిటైరైన మాస్టారై ఉంటారు. రెండో ఆయన ఇంటివాళ్ళ నమ్మకస్థుడు, ఒళ్ళో పెట్టె. నాలుగు మూలలా పసుపు రాసిన నోటుబుక్కు శ్రీరస్తుతో మొదలై, కింది పంక్తి నుంచి ఇంటిపేరు, పేరు, ఊరు, అంకె అనే క్రమంలో సాగుతుంది. తెలంగాణ పల్లెల్లో దీన్నే కట్నాలు రాయించడం అంటారు. పేరేదైనా పుస్తకం ఒకటే.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అని మూడు విధులున్నాయని తేల్చాడు. పాపం, గుడివాడ వైపు రాలేదు గనక నాలుగోది ఆయన దృష్టికి రాలేదు: మైకులో చెప్పించడం. "పెదబాబాయిగారు, వెయ్యిన్నూటపదహార్లు!" అని మైకు మోగగానే, వెనక వరుసలో ఐదువందల పదహార్లతో నించున్న చినబాబాయిగారు పక్కకు తప్పుకుని జేబులు తడుముకుంటారు. అర్థశాస్త్రం దీన్ని పోటీ అంటుంది. పిన్నిగారు వేరే పేరుతో పిలుస్తారు, అది ఇక్కడ రాయదగింది కాదు.

ఇక అంకెల చివర పదహారు ఎందుకన్నది చిక్కు ప్రశ్న. పూర్వపక్షం ఇలా ఉంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెల్లేది. బ్రిటిష్ రూపాయలు వంద కావాలంటే హాలీ రూపాయలు 116, వాటి మీద 10 అణాల 8 పైసలు ఇచ్చుకోవాల్సి వచ్చేది. కాబట్టి నిండు వంద ఇచ్చామనిపించుకోవడానికి నూటపదహార్లు చదివించడం ఆచారమైందంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే హాలీ సిక్కాతో పనిపడని రాజమండ్రిలో కూడా పదహార్లే చదివించారు కదా అని సిద్ధాంతి అడ్డుపడతాడు. పైగా ఆ పది అణాల ఎనిమిది పైసలూ ఎవరు మింగినట్టు? దీనికి పూర్వపక్షం దగ్గర సమాధానం లేదు. హాలీ సిక్కా 1959తో చెల్లకుండా పోయింది, పదహారుకు మాత్రం చావు లేదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు, ఐదువందల పదహార్ల కవర్లలో ఐదువందలు చిత్తుకాగితమై పదహారు రూపాయలు మాత్రం నికరంగా నిలిచాయి. పూర్వులు ఊరికే పెట్టలేదు.

ఈ పదహార్లకు మెట్లున్నాయి: 116, 516, 1116, 2116, 5116, 10116. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలబడడం శాస్త్రనిషిద్ధం. 816 చదివించిన మనిషిని మేమింతవరకు చూడలేదు. తిరుగు చదివింపు లెక్కంతా ఈ మెట్ల మీదే తిరుగుతుంది. 2000లో మన పెళ్ళికి ఒకాయన 116 చదివించాడనుకుందాం. 2024లో వాళ్ళమ్మాయి పెళ్ళి. ధరలు ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగాయనుకుంటే, రెట్టింపు కాలం తేల్చడానికి వాడే 72ని ఆరుతో భాగించగా పన్నెండు. అంటే పన్నెండేళ్ళకోసారి రెట్టింపు. ఇరవై నాలుగేళ్ళకు నాలుగు రెట్లు. 116 కాస్తా 464 అవుతుంది. కానీ 464 మెట్టు కాదు. కిందికి దిగితే మళ్ళీ 116 దగ్గర తేలతాం, అది తగాదా. పైకెక్కితే 516. మీద పడిన 52 రూపాయలను పరువు వడ్డీ అనాలని మా ప్రతిపాదన.

బంగారంవాదులు ఈ గణితాన్ని ఒప్పుకోరు. 2000లో పది గ్రాముల మేలిమి బంగారం నాలుగున్నర వేల లోపే ఉండేది. 1116తో సుమారు రెండున్నర గ్రాములు వచ్చేది. 2024లో ఆ రెండున్నర గ్రాములే పదిహేను వేలు దాటాయి. కాబట్టి అప్పుడు 1116 పుచ్చుకున్నవాడు ఇప్పుడు 5116 చదివించి వధూవరుల పక్కన నవ్వుతూ ఫొటో దిగితే, పది వేలు ఎగ్గొట్టినట్టే. ఈ వాదం చాలా బలమైనది. పుచ్చుకునే పక్షం తప్ప ఇచ్చే పక్షం ఎన్నడూ చేయకపోవడమే దీనికున్న ఒక్క బలహీనత.

జంటపద్దు లెక్కలను లూకా పాచియోలీ 1494లో వెనిస్‌లో అచ్చేయించాడు. మన పుస్తకం పైకి ఒంటిపద్దులాగే ఉంటుంది. వచ్చినవి రాస్తాం గాని ఇచ్చినవి రాయం. రెండో పద్దు అమ్మ దగ్గరుంటుంది. ఏ పెళ్ళిలో ఎవరు ఎంత ఇచ్చారన్నదే కాక, ఎంతమందితో వచ్చి తిన్నారన్నది కూడా ఆ పద్దులో ఎక్కుతుంది. "మన గృహప్రవేశానికి తెచ్చిన గోడగడియారం వెనక వేరేవాళ్ళ పేరు గీకేసుంది" వంటి ఆడిట్ అభ్యంతరాలు అక్కడివే. ఇటీవల కవరూ దాని మీది రూపాయి బిళ్ళా పోయి, పెళ్ళికొడుకు ఫోనుకే యూపీఐలో 1116 కొడుతున్నారు. దాంతో ఇచ్చినవాడి దగ్గర కూడా సాక్ష్యం మిగులుతోంది. అమ్మ అధికారానికి ఇంతటి ముప్పు ఇదివరకెన్నడూ రాలేదు.

వస్తుకానుకల సంగతి వేరు. ట్రోబ్రియాండ్ దీవుల్లో గవ్వల హారాలు దీవి నుంచి దీవికి సవ్యదిశలో, చేతి కడియాలు అపసవ్యదిశలో తిరుగుతాయని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1922లో రాశాడు. మన దగ్గర తిరిగేవి గోడగడియారం, డిన్నర్ సెట్టు, జాకెట్ ముక్క. గడియారం సవ్యదిశలోనే తిరుగుతుందని ఊహించవచ్చు. జాకెట్ ముక్కకు మాత్రం దిక్కు లేదు. తాంబూలం వెంట బయల్దేరి, ఎవరూ కుట్టించుకోకుండా, ఇచ్చిన ఇంటికే తిరిగి వచ్చినా ఎవరూ గుర్తుపట్టరు.

లోతుగా చూస్తే ఇదంతా ఒక పెద్ద చిట్టీ. అందరూ కడుతూ ఉంటారు, అవసరం వచ్చినవాడు మొత్తంగా ఎత్తుకుంటాడు. 1982 నాటి చట్టం కింద నడిచే చిట్టీలో నడిపేవాడి కమిషను నూటికి ఐదు దాకా ఉండేది, 2021లో ఏడు చేశారు. ఇక్కడ కమిషను మాస్టారికి పెట్టే టిఫినే. పాట ఎప్పుడన్నది పురోహితుడు చెబుతాడు. వంటవాళ్ళకూ షామియానావాళ్ళకూ ఇవ్వాల్సింది ఆ సాయంత్రమే ఆ పెట్టెలోంచి తీసిచ్చిన తండ్రులు ఎందరో ఉన్నారు. అప్పిచ్చేవాడి గడప తొక్కకుండా వాళ్ళను కాపాడింది ఈ చిట్టీయే. అందుకే దీన్ని దండగ ఖర్చుల్లో రాసేవాళ్ళతో మాకు పేచీ ఉంది. అన్యాయం జరిగేదల్లా బ్రహ్మచారికి. జీవితాంతం కట్టి, పాట పాడకుండానే వెళ్ళిపోతాడు.

బడ్జెట్ మాట. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అనే శూన్యమాసాలనూ మూఢాలనూ దేవుడు ఇచ్చిందే కూడబెట్టుకోవడానికని మా నమ్మకం. ఆ నెలల్లో నెలకింతని పక్కన పడేసిన కుటుంబం మాఘంలో బంగారం కుదువ పెట్టదు. మూఢం వెళ్ళే తేదీ పంచాంగంలో ముందే ఉంటుంది. ఇంత స్పష్టంగా ముందే చెప్పి వచ్చే ఖర్చు ఇంకొకటి లేదు.

పన్ను విషయంలో కూడా పెళ్ళిదే పైచేయి. పెళ్ళికి వధూవరులకు వచ్చిన కానుకలకు ఆదాయపు పన్ను లేదు. గృహప్రవేశానికి ఆ మినహాయింపు లేదు. దగ్గరి బంధువులు కానివాళ్ళిచ్చినవి ఏడాదిలో మొత్తం 50,000 దాటితే అంతా ఆదాయమే. కొందరు శుభలేఖ మీద "కానుకలు వద్దు, ఆశీస్సులు చాలు" అని వేయిస్తారు. ఇది ఏకపక్ష రుణమాఫీ. వాళ్ళ చదివింపులు తిన్నవాళ్ళంతా తీర్చే దారి లేక, కనబడినప్పుడల్లా వీధి మారాల్సి వస్తుంది.

చివరిది వారసత్వం. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత న్యాయాన్ని 2005లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఎత్తేసింది. ఆ ధర్మం పేరుతో ఇప్పుడు కోర్టు కొడుకు మీద పడదు. చదివింపుల పుస్తకానికి ఆ సవరణ అందినట్టు లేదు. అన్నదమ్ములు పొలం పంచుకుంటారు, ఇల్లు పంచుకుంటారు, పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ పక్కకు చూస్తారు. "నాన్న పేరున రాసినవి నువ్వే చూసుకో, పెద్దాడివి" అంటాడు తమ్ముడు. "ఆ ఏడు పెళ్ళి నీది, పుచ్చుకుంది నువ్వు" అంటాడు అన్న. అదే సవరణ కూతురికి కూడా సమాన వాటా ఇచ్చింది కదా అని ఇద్దరూ కలిసి డాలస్‌లో ఉన్న చెల్లెలికి ఫోను చేస్తే, ఇవ్వాల్సింది 116 రూపాయలా 116 డాలర్లా ముందు తేల్చమంటోంది. శ్రావణంలో మూడు పెళ్ళిళ్ళున్నాయి. వాదనలు అప్పటికి వాయిదా పడ్డాయి. ఈలోగా మూడింటికీ అమ్మ పెన్షనులోంచి వెళ్తోంది.