పేరు బ్లూగిల్‌ది, మేత క్యాట్‌ఫిష్‌ది

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో, ముఖ్యంగా అలబామా, జార్జియా, మిసిసిపీ పల్లెలలో, ఇంటి వెనుక ఒకటి రెండు ఎకరాల సొంత చెరువు ఉన్న యజమానులు నియమం తప్పక ఆచరించే వ్రతాలలో సాయంకాలపు మేతదానం ఒకటి. ఆ దానానికి పాత్రులు పాన్‌ఫిష్, అంటే ఎంత పెరిగినా వేపుడు పెనంలో ఇమిడిపోయే చిన్న జాతి చేపలు. వాటిలో అగ్రతాంబూలం బ్లూగిల్‌ది. పలచగా, అరచేతి వెడల్పున, మొప్ప చివర నల్లమచ్చతో ఉండే ఈ చేపకు నోరు మరీ చిన్నది కనుక, నీటి పురుగులను, వాటి లార్వాలను, కంటికి ఆననంత చిన్న నీటిజీవులను ఏరుకొని తినడం దాని సహజవృత్తి. 1950లో అలబామాలోని కెటోనా లేక్‌లో 4 పౌండ్ల 12 ఔన్సుల బ్లూగిల్, అంటే సుమారు 2.15 కిలోల చేప, గాలానికి చిక్కి నేటికీ చెదరని ప్రపంచ రికార్డుగా నిలిచిపోవడంతో, అటువంటిది తన చెరువులోనూ పుట్టకపోదన్న ఆశతో యజమాని మాంసకృత్తులు దండిగా ఉన్న తేలే గుళికల మేతను బస్తాలకొద్దీ కొంటాడు. ఆ ఆశను తప్పుపట్టవలసిన పని లేదు; తప్పల్లా తానే డబ్బిచ్చి తెచ్చి అదే నీటిలో వదిలిన ఛానల్ క్యాట్‌ఫిష్‌ను, గడ్డిచేపను విస్తళ్ల లెక్కలో మరచిపోవడంలో ఉంది.

వడ్డన జరిగే తీరు చూడదగినది. గట్టున నిలబెట్టిన యంత్రం, వేళకు మోగే గడియారం ఆజ్ఞపై, కొన్ని సెకన్లపాటు గిర్రున తిరిగి గుళికలను నీటిపై చల్లుతుంది. మీసాల మీదనే కాక ఒళ్లంతా రుచిమొగ్గలు ఉన్న క్యాట్‌ఫిష్‌కు ఆ వేళ, ఆ చప్పుడు, ఆ చోటు త్వరలోనే కంఠతా వచ్చేస్తాయి; వెడల్పాటి నోరు తెరిచి అది నీటిపొరను ఊడ్చుకుంటూ పోతుండగా, బ్లూగిల్ ఒక్క గుళికను పట్టి, పెద్దదని ఉమ్మి, నానిన తరువాత మళ్లీ పట్టుకోవడానికి తిరిగి వచ్చేసరికి అక్కడ మిగిలేది బుడగలే. నీటిపై రేగిన ఆ కల్లోలాన్ని చూసి, చిన్నవి ఎంత ఆబగా తింటున్నాయో అని యజమాని గట్టుమీద మురిసిపోతాడు. గడ్డిచేప సంగతి మరీ విడ్డూరం. నీటి కలుపును మేసి చెరువును శుభ్రపరుస్తుందని 1963లో అమెరికాకు తెచ్చిన ఈ చేప, గుళికల రుచి మరిగిన తరువాత కలుపు వంక పెద్దగా చూడదు కనుక, యజమాని దానికి మేత కొంటూనే కలుపుమందు కూడా కొనవలసి వస్తుంది.

ఇంత జరిగినా బ్లూగిల్ పెరగకపోతే ఆయన చెప్పే పరిష్కారం ఒక్కటే: మరికొంత మేత. పెద్దవాటి కడుపు నిండిన తరువాత మిగిలినది చిన్నవాటికి దక్కుతుందన్న ఈ సిద్ధాంతానికి చెరువుల్లోనే కాదు, ప్రభుత్వాల బడ్జెట్లలోనూ బంధువులున్నారు. పెద్ద చేప తిన్నకొద్దీ మరింత పెద్దదై, మరుసటి ఏడు మరింత తింటుందన్న చిన్న విషయాన్ని ఆ సిద్ధాంతం ఎక్కడా లెక్కకట్టదు. ఎవరి నోటికీ అందని గుళికలు కుళ్లి అమ్మోనియాను, నాచును పెంచగా, వేసవి తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటినప్పుడు సాధారణంగా ముందుగా చచ్చి తేలేవి పెద్ద చేపలే. చెరువులో పెద్దవాటి వంతు ముందు రావడం చిన్నవాటికి కలిసివచ్చే సందర్భం బహుశా అదొక్కటే.

విచిత్రమేమంటే, ఈ యజమాని కోపమంతా బాస్ మీద. లార్జ్‌మౌత్ బాస్ అనే వేటచేప బ్లూగిల్ పిల్లలను మింగడం ఆయన కళ్లారా చూశాడు కనుక దానిని శత్రువుగా ప్రకటించి, మేతను మాత్రమే మింగుతున్నట్టు కనిపించే క్యాట్‌ఫిష్‌ను సాధుజీవిగా లాలిస్తాడు. అలబామాలోని ఆబర్న్‌లో చెరువుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన హోమర్ స్వింగిల్ 1950 నాటికే వేటచేపకు, ఎరచేపకు మధ్య ఉండవలసిన తూకాన్ని వివరించాడు. ఒకే వేసవిలో పలుమార్లు గుడ్లు పెట్టే బ్లూగిల్ సంతతిని బాస్ పలచబరచకపోతే, చెరువు నిండా వేలెడు గిడసచేపలే మిగులుతాయి. బాస్ నోటికి చిక్కక మిగిలిన కొద్దిపాటివే అరచేతిని మించి ఎదుగుతాయి. కాబట్టి బ్లూగిల్ జాతికి మేలు చేసేది దానిని తినే చేప, కీడు చేసేది దాని కూడు తినే చేప.

కొల్లేరు చుట్టుపక్కల తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచులలో నింపి చెరువులో వేలాడగట్టే రైతు ఏ చేప ఏ మట్టంలో తింటుందో, కిలో చేపకు ఎన్ని కిలోల మేత ఖర్చయిందో అప్పజెప్పగలడు, ఎందుకంటే ఆ లెక్క తప్పితే అతనికి అప్పే మిగులుతుంది. అమెరికా దాతకు ఆ భయం లేదు కనుక ఆయనకు ఉపాయాలు మెండు. ముందు ఒక మూల పెద్ద గుళికలు వేసి క్యాట్‌ఫిష్‌ను అక్కడ ఆపి, మరో మూల లోతు తక్కువ నీటిలో బ్లూగిల్‌కు చిన్న గుళికలు చల్లడం వాటిలో మెరుగైనది. అది కొంతవరకు పనిచేస్తుంది కూడా, కాకపోతే బ్లూగిల్ పేర క్యాట్‌ఫిష్‌కు శాశ్వతంగా భరణం చెల్లించవలసి వస్తుంది. గాలం వేసి క్యాట్‌ఫిష్‌ను పట్టి వండుకోవడమనే అసలు ఉపాయం మాత్రం, అంత పెద్ద చేపను ఎలా చంపడమన్న జాలి కొద్దీ, ఏటికేడు వాయిదా పడుతుంది. బాస్ ఉన్న చెరువులో ఛానల్ క్యాట్‌ఫిష్ పిల్లలు బతికి బట్టకట్టడం అరుదు కనుక, పట్టి తీసేసిన వాటి స్థానంలోకి కొత్తవి రావాలంటే యజమాని మళ్లీ వెళ్లి కొనుక్కొని రావలసిందే.