నీళ్లకు పెడమొహం పెట్టిన స్నానాల ఊరు

మా రోజుల్లో ఈ ఊళ్లో ఎటు నడిచినా పది నిమిషాల్లో నీళ్లు కనబడేవి. అటు వెళ్తే సరస్సు, ఇటు వెళ్తే కొండవాగు, మధ్యలో పొగలు కక్కే వేడినీటి ఊటలు. మొన్న మా మనవరాలు, పదేళ్ల పిల్ల, బడి నుంచి వచ్చి "తాతయ్యా, మన ఊరికి స్నానాలు అని పేరేంటి?" అని అడిగింది. గుండె కలుక్కుమంది. ఈ ఊళ్లోనే పుట్టిన పిల్ల అడగాల్సిన ప్రశ్నా అది!

ఊరి పేరు లాస్ బాన్యోస్. ఫిలిప్పీన్స్‌లో, మనీలాకు దక్షిణంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ముందు లగూనా దె బాయె సరస్సు, వెనక మకీలింగ్ కొండ. ఆ రెంటికీ నడుమ ఇరుక్కున్న ఊరు ఇది. స్పానిష్‌లో బాన్యోస్ అంటే స్నానాలు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఈ చోటును మాయినిట్ అనేవారు, అంటే తగలోగ్ భాషలో వేడి అని. చల్లారిపోయిన అగ్నిపర్వతం మకీలింగ్. పైన చల్లారినా లోపలి సెగ ఇంకా ఉంది, కొండ పీల్చుకున్న వాన నీరు ఆ సెగ తగిలి అడుగున ఊటలుగా పైకి తన్నుకొస్తుంది. ఫ్రాన్సిస్కన్ పాద్రీలు వచ్చి ఆ నీళ్ల దగ్గరే ఆసుపత్రి కట్టారు. "పవిత్ర జలాలు" అని పేరుపెట్టి, కీళ్లు పట్టేసినవాళ్లను ఆ ఆవిర్లలో కూర్చోబెట్టి వైద్యం చేశారు. పక్కనున్న బాయె ఊరి నుంచి విడదీసి 1615లో దీన్ని వేరే ఊరు చేశారు. దొర ఏ దేశంవాడైనా ఇక్కడికి వచ్చింది నీళ్లు చూసే. పేరు పెట్టింది కూడా నీళ్లు చూసే.

నేను వచ్చింది 1974లో. మాది పశ్చిమ గోదావరిలో ఆచంట పక్క పల్లె. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఇక్కడి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో, అందరూ ఇర్రి అంటారు దాన్ని, పొలం పనులు చూసే ఉద్యోగం. అంతకు ఏడేళ్ల ముందే ఈ ఊరి పేరు మా ఇంటికొచ్చింది. 1966 నవంబరులో ఇర్రి ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. ఇండోనేషియా పేటా, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్ కలిపి పుట్టించిన విత్తనం. మరుసటేడు ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేశారు. చివరికి ఆ వంగడం పేరే ఆయనకు ఇంటిపేరైపోయింది. మా నాన్న గట్టు మీద నిలబడి, నడుము దాటని ఆ పైరును చూసి, "గొడ్లకు గడ్డేం వస్తుందిరా దీంట్లో?" అని గొణిగారు. కోతలయ్యాక కళ్లంలో ధాన్యపు రాశి చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడ వంగడం విడుదలైన ఏడాది సంగతి ఇంకా గొప్పది. ఎవరొచ్చి అడిగినా రెండు కిలోల విత్తనం ఉచితంగా ఇచ్చారట. బస్సుల్లో, సైకిళ్ల మీద, కాలినడకన, ఏడాది తిరక్కుండా రెండు వేల మందికి పైగా రైతులు వచ్చి పట్టుకెళ్లారు. నేనొచ్చేసరికి అలా నడిచి వచ్చిన పెద్దమనుషులు కొందరు ఇంకా సంస్థ గేటు దగ్గర ఆగి కొత్త రకం ఏమొచ్చిందని అడిగేవారు. గేటు దగ్గరి కుర్రాడు వాళ్లతో మాటకు ముందోసారి, వెనకోసారి "పో" చేర్చి జవాబు చెప్పేవాడు. మన "అండి" ఉందే, అదే వీళ్ల "పో". అవునంటే "ఓపో", కాదంటే "హిందీ పో". ఇప్పుడు అంగడిలో కుర్రాళ్ల నోట ఆ ఒక్క అక్షరం వినపడితే ఆగి వాళ్ల మొహం చూస్తాను, ఎవరి పిల్లలో కనుక్కుందామని.

మేం అద్దెకున్నది సరస్సు గట్టున, చెక్కగోడల ఇల్లు, కింద వెదురు స్తంభాలు. ఇంటావిడను అందరూ పేరుకు ముందు ఆలింగ్ చేర్చి పిలిచేవారు, మన పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ పొద్దున్నే రేవుకెళ్లి అయుంగిన్ చేపలు తెచ్చేది. వేలెడంత ఉంటుంది, వెండి రంగు, వీపు మీద ముళ్లు. చేత్తో పట్టుకోవడం తెలియకపోతే గుచ్చుకుంటుంది. మట్టికుండలో అడుగున కామియాస్ కాయలు, అవి మన చింతకాయంత పులుపు, వాటి మీద చేపలు వరసగా పేర్చి, ఉప్పేసి, చారెడు నీళ్లు పోసి సన్నసెగ మీద పెట్టేది. కదిపేది కాదు. నీళ్లు ఇగిరి పులుపు చేపకు పట్టాక దింపేది. మా అమ్మ చేతి చింతకాయ చేపల పులుసు తప్ప మరోటి నాలిక్కి ఆననివాణ్ణి, ఆ కుండ దగ్గర ఓడిపోయాను.

ఆ చేప ఇప్పుడు లేదు. లేదంటే పూర్తిగా లేదని కాదు, వెతికితే దొరుకుతుంది. కానీ అప్పట్లో బుట్టల్లో దొరికిన చేప ఇప్పుడు లెక్కపెట్టుకుని కొనే చేప. ఎందుకైందో చెప్తాను, దీని మీద మాత్రం నాకు కోపం చల్లారదు.

సరస్సు విస్తీర్ణం తొమ్మిది వందల చదరపు కిలోమీటర్లు, లోతు మాత్రం సగటున రెండున్నర మీటర్లు. పొడుగాటి వెదురు గడ దించితే అడుగు తగులుతుంది. మా కొల్లేరులాగే పళ్లెంలాంటి సరస్సు. గాలేస్తే చాలు అడుగు బురద పైకి లేచి నీళ్లు కలకబారతాయి. దీన్నుంచి బయటికి పోయేది ఒక్కటే నది, పాసిగ్. అది మనీలా మధ్యగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో సరస్సు మట్టం తగ్గినప్పుడు సముద్రపు పోటు ఆ నదిలోంచే వెనక్కి ఎగదన్ని ఉప్పునీటిని సరస్సులోకి తెచ్చేది. ఆ ఉప్పే దీనికి మందు. ఇండుప గింజ అరగదీసి బిందెలో కలిపితే మట్టి అడుగుకు దిగిపోయి నీళ్లు ఎలా తేరుకుంటాయో, ఉప్పు తగలగానే సరస్సు అలా తేరుకునేది. ఎండ లోపలి దాకా దిగేది, నాచు పెరిగేది, ఆ నాచు తిని చేప బలిసేది. జాలరులకు ఇది పుస్తకం చూడకుండానే తెలుసు. 1983లో ఆ నీటి దారికి అడ్డంగా నాపిందాన్ దగ్గర తలుపులు కట్టారు, ఉప్పునీరూ మనీలా మురుగూ లోపలికి రాకుండా, సరస్సు నీళ్లు సాగుకూ తాగడానికీ పనికొచ్చేలా. కట్టినవాళ్ల లెక్క వాళ్లకుంది, నేను కాదనను. కానీ రేవులో వలలు ఆరేసుకునే మనిషిని ఒక్కమాట అడిగి ఉంటే ఉప్పు సంగతి చెప్పేవాడు కదా!

దానికి తోడు కంచెలు. సరస్సును చూసుకోవడానికి అధికార సంస్థను పెడుతూ 1966లో చట్టం చేశారు, ఐఆర్-8 వచ్చిన ఏడాదే. ఆ తర్వాత కొన్నేళ్లకు వెదుళ్లు పాతి, వలలు చుట్టి, లోపల బంగూస్ చేపలు పెంచడం నేర్పారు. పేద జాలరి బతుకు బాగుపడాలని మొదలుపెట్టిందే. మొదట్లో మేత కూడా వేయక్కర్లేదు, నీళ్లలో ఉన్నదే తిని పెరిగేవి. లాభం కనపడేసరికి డబ్బున్నవాళ్లు దిగారు. 1983 నాటికి సరస్సులో మూడో వంతుకు పైగా కంచెల్లోకి వెళ్లిపోయింది. మా పక్కింటి జాలరి తాత ముత్తాతల నుంచీ తిరిగిన దారిలో పడవ వేస్తే ఎవరో పరాయివాడు లాంతరెత్తి కేకలేసి తరిమాడు. ఆ రాత్రి అతను మా అరుగు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. మరుసటేడు పడవ అమ్మేసి మనీలాలో కూలికి పోయాడు. 2017లో దుతెర్తె ప్రభుత్వం పెద్ద కంచెలు పీకించడం మొదలుపెట్టింది. వినగానే అతను గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు ఆలస్యం.

యుద్ధం గురించీ చెప్పాలి, ఎందుకంటే అదీ నీళ్ల మీదుగానే వచ్చింది.

కొండ అడుగున 1909లో అమెరికన్లు వ్యవసాయ కళాశాల పెట్టారు. మొదటి పాఠాలు గుడారాల్లో చెప్పారు. 1943లో జపాన్ సైన్యం ఆ కళాశాల ఆవరణనే జైలుగా మార్చి అమెరికన్లూ మిగతా విదేశీయులూ అయిన సామాన్య పౌరులను అక్కడ పెట్టింది. 1945 ఫిబ్రవరి 23న తెల్లవారగానే, కాపలావాళ్లు కసరత్తు చేస్తుండగా ఆకాశం నుంచి పారాచూట్ దళం దిగింది. చుట్టుపక్కల పొంచి ఉన్న ఫిలిప్పీన్ గెరిల్లాలు పైనపడ్డారు. నీళ్లలోనూ నేల మీదా నడిచే బళ్లు చీకట్లో సరస్సు దాటి వచ్చాయి. 2,147 మందిని ఆ బళ్లే సరస్సు అవతలికి చేర్చాయి. సైనిక పాఠశాలల్లో దీన్ని మచ్చలేని దాడిగా పాఠం చెప్తారు. చెప్పాల్సిందే.

కానీ కథ అక్కడితో ఆపేస్తారు. రక్షించడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, ఊరు మిగిలింది. కొద్ది రోజుల్లో జపాన్ సైనికులు తమకు సాయపడే స్థానికులను వెంటబెట్టుకుని తిరిగొచ్చి సుమారు 1,500 మంది ఊరివాళ్లను చంపారు. ఇళ్లు తగలబెట్టారు. మా ఆలింగ్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఇంట్లో మేమున్న ఆరేళ్లలో ఆవిడ దాని గురించి రెండే రెండుసార్లు మాట్లాడింది, రెండుసార్లూ చేపలు తోముతూనే, తల ఎత్తకుండా. ఏడాది తిరిగి అదే ఫిబ్రవరి 23న జపాన్ సేనాని జనరల్ యమషితాను ఉరి తీసింది కూడా ఈ ఊళ్లోనే. మా రోజుల్లో ఫిబ్రవరి వస్తే ముసలివాళ్లు గుడిలో కొవ్వొత్తులు వెలిగించి ఇంటి పేర్లు ఒక్కొక్కటీ మెల్లగా చెప్పుకునేవారు. ఆ పేర్లు చెప్పే నోళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లల్ని అడిగితే విమానాల సంగతి చెప్తారు.

వేడినీళ్ల మాటకొస్తే, అప్పట్లో ఆదివారం పూట ఊటవాగు దగ్గర ఆడవాళ్లు బట్టలుతికేవారు. పాలు-పాలో అని చిన్న చెక్కబ్యాటు, దాంతో దబదబా బాదుతుంటే ఆవిరిలోంచి మనుషులు సగమే కనపడేవారు. ఆ నీళ్లకు కాసు కట్టక్కర్లేదు. ఇప్పుడు ఇటు మా ఊళ్లో, అటు కలాంబాలో పాన్సోల్ దాకా దారి పొడుగునా గోడలు, గోడల వెనక ఈత కొలనులు, కొలనుల్లోకి బోర్లతో తోడిన వేడినీళ్లు. రాత్రికింత అని అద్దె. శనివారం సాయంత్రం మనీలా కార్లు బారులు తీరితే జీప్నీలో అర్ధగంట కూర్చోవాలి, లేత కొబ్బరితో చేసే బుకో పై కొనుక్కునేవాళ్ల కార్లు రోడ్డుకు అడ్డంగా ఆగుతాయి. ఆ బుకో పై మాత్రం అప్పటిలాగే ఉంది, వేడివేడిగా పెట్టెలో పెట్టి తాడు కట్టి ఇస్తారు. దానికి వంక పెట్టలేను.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. 2008లో ఈ మునిసిపాలిటీ ప్లాస్టిక్ సంచులు నిషేధించింది, దేశంలో చాలా ఊళ్లు ఆ ఊసే ఎత్తని రోజుల్లో. బజారుకు మళ్లీ బుట్ట పట్టుకెళ్తున్నాం. ఆ పని చేయగలిగిన ఊరు వాగుల సంగతి ఎందుకు పట్టించుకోలేదన్నదే నా బాధ. 2000లో దీన్ని విజ్ఞానానికీ ప్రకృతికీ ప్రత్యేక నగరంగా ప్రకటించారు. 2020 లెక్కల్లో జనాభా లక్షా పదిహేను వేలు. జనం పెరగడం తప్పు కాదు, నేనూ పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడ చోటు అడిగినవాణ్ణే. కానీ వాగు మీద పలకలు పరిచి దుకాణం కట్టాక, 2009లో సరస్సు పొంగి గట్టు ఇళ్లు నెలల తరబడి నీళ్లలో నానితే, ఆ నీరు ఎటు పోవాలి?

ఇలా తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వని మనుషుల కథ ఇక్కడ ఒకటుంది. మకీలింగ్ కొండ మీద మరియా అనే దేవకన్య ఉందని ఇక్కడివాళ్ల నమ్మకం. పక్క ఊరు కలాంబాలో పుట్టిన హోసే రిజాల్ 1890లో ఆ కథ రాశాడు. పెళ్లిళ్లకు నగలూ బట్టలూ లేని పేదలు కొండకెళ్లి అడిగితే ఆమె అరువిచ్చేదట. తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వడం మానేశారు, ఆమె కనపడటం మానేసింది. కలాంబాలో పాద్రీల భూముల కింద కౌలు చేసుకునే రిజాల్ కుటుంబాన్నీ తోటి రైతుల్నీ ఆ రోజుల్లోనే ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. అప్పు, భూమి, తిరిగి ఇవ్వడం, ఈ మాటల బరువు తెలిసిన మనిషి చేతిలో ఆ కథ పడింది.

మనవరాలి ప్రశ్నకు జవాబు చెప్పలేక మర్నాడు దాన్ని వెంటబెట్టుకుని సరస్సుకు బయల్దేరాను. పాత దారికి అడ్డంగా గేటు. రెండో దారి పూడ్చేశారు. మూడు సందులు తిరిగితే చివరికి ఒక రేవు దొరికింది, సగం గుర్రపుడెక్క కప్పేసి ఉంది. ఒకతను పడవ దిగి బకెట్టు కింద పెట్టాడు. అందులో నాలుగు కత్తిచేపలు. అక్వేరియంలో పెంచుకునే ఆ చేప ఎలాగో సరస్సులో పడి, ఇప్పుడు చిన్న చేపలన్నిటినీ మింగేస్తోంది. వాటి కింద ఒకే ఒక అయుంగిన్. నేను చూసిన చూపు అతనికి అర్థమైనట్టుంది, "మీకే, లోలో, తీసుకోండి పో" అన్నాడు. లోలో అంటే తాత. డబ్బు పుచ్చుకోలేదు.

పట్టుకోవడం చూపించే లోపే పిల్ల చెయ్యి పెట్టేసింది. ముల్లు గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది కానీ చేపను మాత్రం వదల్లేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ చిన్న మూకుడులో కామియాస్ పరిచి దాని మీద ఆ ఒక్క చేపనూ పెట్టింది. కదపొద్దని నేను పొయ్యి పక్కనే నిలబడ్డాను.