దూరం కావాలా, కొయ్య డ్రైవర్ పట్టండి

కొత్త డ్రైవర్ కొనబోతున్నారా? ఆగండి. ఇప్పుడు మీ దగ్గరున్న టైటానియం డ్రైవర్‌ని కూడా ఎవరికైనా ఇచ్చేయండి. 1980ల నాటి పర్సిమన్ కొయ్య డ్రైవర్ ఒకటి వెతికి సంపాదించి, ఏడాది పాటు దానితోనే ఆడండి. స్లైస్‌తో సతమతమయ్యేవాళ్లకీ, నిన్నగాక మొన్న గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లకీ నా సలహా ఇదే. వాళ్లకైతే మరీనూ.

ఏటేటా కంపెనీలు కొత్త మోడళ్లు దించుతాయి, ప్రతిసారీ ఇంకొన్ని గజాలు ఆశ చూపుతాయి. ఆ గజాలు ఎక్కణ్ణించి వస్తాయి? డ్రైవర్ ముఖం బంతిని ఎంత విసురుగా తిప్పికొట్టవచ్చో నిబంధనల్లో హద్దుంది. ఆ నిబంధనలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ చేసే పరీక్షలో చిన్న ఉక్కు లోలకం ముఖానికి తగిలి ఉండే సమయం 257 మైక్రోసెకన్లు దాటకూడదు. తల పరిమాణం 460 సీసీ. ఈ రెండు హద్దులూ 2004 నాటికే వచ్చేశాయి. పీజీఏ టూర్ సగటు దూరం 1995లో సుమారు 263 గజాలు, 2003లో 286. ఎనిమిదేళ్లలో 23 గజాలు! అందులో పెద్ద టైటానియం తలకీ, 2000 చివర్లో వచ్చిన ప్రో వీ1 లాంటి బంతులకీ వాటా ఉంది, కాదనను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిస్తే సగటు 300 దగ్గరికి చేరింది. పెరిగింది పద్నాలుగే. అదీ ఆటగాళ్లు జిమ్‌లో పడ్డ కష్టంతో కలిపి.

మరి ఇన్నేళ్లూ కంపెనీలు చేసిందేమిటి? బరువుని తల అంచులకీ వెనక్కీ జరిపి, దెబ్బ పక్కకి తగిలినా తల మెలితిరగకుండా చేశాయి. 2024లో టేలర్‌మేడ్, పింగ్ తెచ్చిన డ్రైవర్ల గొప్ప ఇదే. హీల్ వైపు తగిలినా దూరంలో పెద్దగా నష్టం ఉండదు. అందరూ దీన్ని వరమంటారు. నేను చెరుపంటాను. తప్పు కొట్టినట్టు చేతికే తెలియకపోతే దిద్దుకునేదెప్పుడు?

పర్సిమన్ తల చిన్నది, 200 సీసీ లోపే. ముఖం మధ్యలో వేరే ముక్క పొదిగి స్క్రూలు బిగించి ఉంటుంది, మెడకి నల్లదారం చుట్టు, కింద లోహపు పలక. షాఫ్ట్ 43 అంగుళాల ఉక్కుది. నడిమధ్యన తగిలితే మెత్తగా 'ఠప్' మంటుంది, బంతిని తాకామా లేదా అన్నట్టుంటుంది. అర అంగుళం పక్కకి పోయిందా, జివ్వున మోచేతి దాకా పాకుతుంది. బంతి ఎటు పోయిందో తలెత్తి చూడక్కర్లేదు. పర్సిమన్ చెట్టు మనకి పరాయిదీ కాదు. బీడీ ఆకు కోసం మన అడవుల్లో కోసే తునికికి దగ్గరి చుట్టం. 1993లో బెర్నార్డ్ లాంగర్ మాస్టర్స్ గెలిచింది ఈ కొయ్యతోనే.

లెక్క చూడండి. మీ క్లబ్ వేగం గంటకి 95 మైళ్లనుకుందాం. సరిగ్గా మధ్యలో తగిలితే బంతి 140 మైళ్ల వేగంతో బయల్దేరుతుంది. పక్కన తగిలితే 130కి పడిపోవచ్చు. ఒక్కో మైలుకి సుమారు రెండు గజాలు. అంటే ఇరవై గజాలు మీ చేతుల్లోనే ఉన్నాయి. వాటి కోసం యాభై వేల పైచిలుకు ఎందుకు పొయ్యాలి?

షాపులో తెర ముందు కొట్టి చూడకండి. పది కొడితే మనసులో మిగిలేది అన్నింటికన్నా దూరం పోయిన ఆ ఒక్కటే. ఫిట్టింగ్ జోలికీ పోకండి. లాఫ్ట్, షాఫ్ట్ కుదిరితే దూరం పెరుగుతుందంటారు. నిజమే, పెరుగుతుంది. కానీ అది వంకర భుజానికి సరిపోయేలా కుట్టిన చొక్కా. భుజం వంకరగానే ఉండిపోతుంది.

దానికి బదులు ముఖం మీద టాల్కం పౌడర్ పల్చగా రాసి కొట్టండి. బంతి ముద్ర ఎక్కడ పడిందో చూసి, తుడిచి, మళ్లీ రాయండి. మొదటి నెలల్లో ఇరవై గజాలో ముప్పై గజాలో తగ్గుతాయి, తోటివాళ్లు మిమ్మల్ని దాటి కొడతారు. కొట్టనివ్వండి. స్కోర్‌కార్డు పాడవుతుందని భయపడి మధ్యలో టైటానియంకి తిరిగి వెళ్లారంటే పడ్డ పాటంతా వృథా.

కొయ్య డ్రైవర్ కోసం మీ క్లబ్‌లో పాత క్యాడీలని అడగండి, ఏ లాకర్‌లో ఏముందో వాళ్లకి తెలుస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు గరాజ్ సేల్స్ చూడొచ్చు. తలలో పగుళ్లున్నాయేమో వెలుతురులో తిప్పి చూశాకే తీసుకోండి. రేంజ్‌లో ఇచ్చే గట్టి బంతులతో కొట్టకండి, ముఖం చీలుతుంది. మెత్తటి బంతులు వాడండి. హైదరాబాద్ మే ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే కొయ్య ఎండి ముఖం ముక్క వదులవుతుంది. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్లు సముద్రపు తేమకి జాగ్రత్తపడి, ఆట కాగానే పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడూ ఫర్నిచర్ మైనం పట్టించాలి. మెడ దగ్గర చుట్టు ఊడితే చెప్పులు కుట్టే మైనపు దారం సరిపోతుంది, బిగించి చుట్టి కొస లోపలికి దోపేయండి.