కోళ్ల బావగారి హెంప్ వైద్యం

డాలస్ ఉత్తరపు శివార్లలో పది తెలుగు కుటుంబాలున్న ప్రతి కాలనీకీ ఒక కోళ్ల బావగారు ఉంటారు. అసలు పేరు ఏదైనా కావచ్చు. గృహప్రవేశానికి పిలిచినా, బారసాలకు పిలిచినా చేతిలో గుడ్ల అట్టపెట్టెతో వస్తారు గనక జనంలో ఆ పేరే ఖాయమైపోయింది. ఆ పెట్టె ఊరికే చేతికివ్వరు. మూత తెరిచి, ఒక్కొక్క గుడ్డునూ వేలితో చూపిస్తూ, "ఈ నీలంది శశిరేఖ పెట్టింది. ఈ గోధుమరంగుది సరోజ. తెల్లది గుండమ్మది. సైజు చూశారా?" అంటారు. చూశామనాలి. "కొంచెం చిన్నదిగా ఉన్నట్టుందండీ" అన్న ఒకాయనకు ఆ తర్వాత బావగారింటి గుడ్డు దక్కలేదు.

ఆయన పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం పని. ఈకకు ఈక, తోకకు తోక లాగడంలో ఆఫీసులో ఆయన్ను మించినవాళ్లు లేరు. 2020లో అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు కొందరు మైసూర్‌పాక్ నేర్చుకున్నారు, కొందరు గడ్డాలు పెంచారు, బావగారు కోడిపిల్లలు తెప్పించారు. ఊరి నిబంధన ప్రకారం పుంజు పనికిరాదు, పెట్టలే ఉండాలి. అందుకని తెల్లవారుజామున కూత వేసే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారని గిట్టనివాళ్లు అంటారు. 2025 మార్చిలో పక్షి జ్వరం దెబ్బకు అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు చేరినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాల్సిందే. ఎవరు కనిపించినా నెలకు తనకెంత మిగులుతోందో లెక్క చెప్పారు. ఆ లెక్కలో దేవదారు చెక్కతో కట్టించిన కూప్ (కోళ్లగూడు) ఖరీదు ఉండదు. అడగడం మర్యాద కాదు.

కోళ్లకు పేర్లన్నీ పాత సినిమాల నుంచే. మెత్తగా, బంగారు రంగులో ఉండే ఆర్పింగ్టన్ పెట్ట లక్ష్మి. ఎర్రటి రోడ్ ఐలాండ్ పెట్ట సరోజ. తెల్లటి లెగ్‌హార్న్ గుండమ్మ. 1962 నాటి 'గుండమ్మ కథ' సినిమా చూసినవాళ్లకు తరువాతి కథ చెప్పనక్కర్లేదు. ఒక శరదృతువులో లక్ష్మి వీపు మీద రూపాయి బిళ్లంత బట్టతల కనిపించింది. వారం తిరిగేసరికి అది అరచేయంతైంది. గుండమ్మ వెనక నుంచి వచ్చి, ఈక పట్టి లాగి, పీకి ఊరుకోకుండా మింగేస్తోంది. చూసిన సరోజకూ అదే అలవాటైంది. ఈ విద్య కోళ్లు ఒకదాన్ని చూసి ఒకటి చాలా త్వరగా నేర్చుకుంటాయి. నెత్తురు చుక్క కనిపించిందంటే ఇక ఆపడం కష్టం.

మామూలు మనిషి ఇక్కడ మేతసంచి వైపు చూస్తాడు. బావగారు చదువు వైపు చూశారు. కోళ్లలో పెద్దరికపు వరసను 1920ల మొదట్లో లోకానికి చెప్పినవాడు షెల్డెరప్ ఎబ్బె అనే నార్వే శాస్త్రజ్ఞుడని మాకు ఒక సత్యనారాయణ వ్రతంలో, మూడో కథకూ నాలుగో కథకూ మధ్యన తెలిసింది. కోళ్లకు కళ్లజోళ్లు కూడా ఉన్నాయని ప్రసాదం దగ్గర తెలిసింది. ఒకదాని కన్ను ఒకటి పొడవకుండా టెనెసీ రాష్ట్రంలో ఒకాయన 1903లోనే వాటికి పేటెంటు తీసుకున్నాడు. ఇది మాత్రం కట్టుకథ కాదు, అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. బావగారు అంతదూరం పోలేదు గానీ లక్ష్మి వీపుకు ఊదారంగు మందు కొట్టారు, పూల గుడ్డతో చిన్న జాకెట్టు కుట్టించారు. జాకెట్టు తొడుక్కున్న కోడిని చూసి మిగతావి కొత్త కోడి వచ్చిందనుకున్నాయో ఏమో, మరో నాలుగు ఎక్కువ పొడిచాయి.

అప్పుడు నిర్ధారణ జరిగింది. "ఇది యాంగ్జయిటీ," అన్నారు బావగారు. ఎవరికి అని అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, అడిగింది గానీ ఆయన వినిపించుకోలేదు.

హెంప్ అక్కడ ప్రవేశించింది. గంజాయి మొక్కే అది, మత్తు తీసేసిన తమ్ముడనుకోండి. 2018 నాటి అమెరికా వ్యవసాయ చట్టం మత్తు పదార్థం 0.3 శాతానికి మించని మొక్కను మామూలు పంటగా ఒప్పుకుంది. మరుసటి ఏడు టెక్సస్ కూడా ఒప్పుకుంది. ఆ తర్వాత ఇండియన్ గ్రాసరీ ఉన్న ప్రతి అంగళ్ల వరసలోనూ ఒక హెంప్ కొట్టు వెలిసింది. కరివేపాకు కోసం వెళ్లిన బావగారు ఆ కొట్టులో ఒక గంట గడిపి, కరివేపాకు లేకుండా తిరిగొచ్చారు. మోకాళ్లకు తైలం ఉంది, నిద్రకు ఉంది, టపాసులకు బెదిరే కుక్కలకూ ఉంది. కోళ్లకు లేదు. ఆ లోటు ఆయన పూడ్చారు. లాబ్రడార్ బరువును ఆర్పింగ్టన్ బరువుతో భాగించి మోతాదు కట్టిన ఎక్సెల్ పట్టిక మాకందరికీ వాట్సాప్‌లో వచ్చింది. పశువుల మేతలో ఈ తైలానికి అక్కడి ఆహార ఔషధ సంస్థ అనుమతి లేదని ఎవరో అంటే, "ఆవపిండికి మాత్రం ఎవరు అనుమతిచ్చారు?" అన్నారు. సమాధానం దొరక్క అందరం గారెలు తిన్నాం.

తైలంతో ఆగలేదు. కూప్‌లో పరుపుకు హెంప్ కాండం తునకలు, మేతలో హెంప్ గింజలు. సరిగ్గా ఆ వారాంతంలోనే ఇండియా నుంచి వాళ్లమ్మగారు దిగారు. తణుకు పక్క పల్లెటూరు. నట్టింటి కోళ్లగంపలు లెక్కపెడుతూ పెరిగిన మనిషి.

"ఏంట్రా నాన్నా ఇది?" అందావిడ సీసా చూసి.

"హెంప్ అమ్మా. గంజాయి జాతిది. కోళ్లు నెమ్మదిస్తాయని..."

"గంజాయా! మన్యంలో పోలీసోళ్లు నరికి తగలెడతంటే నువ్వు కోళ్లకి పోస్తన్నావా? మీ నాన్న బతికుంటే ఏమయ్యేవాడు!"

తర్వాత ఆవిడ చెప్పులు తొడుక్కుని పెరట్లోకి వెళ్లింది. ఆరు కోళ్లకు కట్టిన గూట్లో పది ఉన్నాయని చూసింది. రాత్రంతా లైటు వెలుగుతోందని చూసింది. మేతడబ్బాలో ఏముందో అడిగింది. పెట్టల మేత సంచి మీద ప్రొటీన్ 16 శాతమని రాసుంది. ఆ మాట నిజమే, బావగారు దాన్ని అలాగే పెడితే. కానీ ఆయన ప్రేమ కొద్దీ రోజూ మొక్కజొన్న నూక, మిగిలిన దోశలు, పుచ్చకాయ, అటుకులు కలిపేవారు. సంచిలో 16, కడుపులోకి వెళ్లేసరికి ఎంతో ఆ దోశలకే తెలియాలి. అది ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునే కాలం. ఈక అంటే 85 శాతానికి పైగా ప్రొటీనే. మేతలో మెథియోనిన్ లాంటివి చాలకపోతే పక్కదాని వీపే దాణా అవుతుంది. దానికి తోడు కాళ్లతో గీరుకోవడానికి మట్టి లేక, పొడుచుకోవడానికి ఏమీ లేక ఉంటే, నేలను పొడవాల్సిన ముక్కు ఈకల మీదికి మళ్లుతుంది. ఆవిడ ఈ మాటల్లో చెప్పలేదు. "కడుపూ నిండట్లేదు, పనీ లేదు, నిద్రా లేదు. పీక్కోక ఏం చేస్తాయి?" అంది.

లైటు ఆర్పేసింది. దోశలు ఆపేసింది. ఆయన డాలర్లు పోసి కొన్న ఎండు పురుగుల సంచి చూసి, "పురుగులక్కూడా డబ్బులిచ్చావా?" అని కాసేపు తల పట్టుకుని, వాటినే ఆకులచెత్తలో చల్లి వెతుక్కోమంది. నాలుగు కోళ్లను పొరుగింటి ఫ్రెండుకు ఇప్పించింది. గుండమ్మను పట్టి, గంప దొరక్క, బట్టలుతికే ప్లాస్టిక్ బుట్ట కింద మూసి పైన మినపప్పు డబ్బా పెట్టింది. మర్నాడు కుక్కల పంజరంలోకి మార్చారు. అన్నింటికీ కనిపిస్తూనే విడిగా ఉండాలి. వారం తర్వాత వదిలితే గుండమ్మ పెద్దరికం పోయింది. సరోజ మేత దగ్గర ఆవిణ్ని ఒక్క పోటు పొడిచింది. సినిమాలో ఛాయాదేవి వచ్చాక ఎలా ఉందో అలాగే అయింది.

నెల తిరక్కముందే లక్ష్మి వీపు మీద కొత్త ఈకలు, గుండుసూదుల్లా, మొలిచాయి. బావగారు ఫొటో తీసి "హెంప్ ఫలితం" అని అందరికీ పంపారు.

ఇదీ కోళ్ల బావగార్ల జాతి లక్షణం. ఒకేసారి రెండు మార్పులు చేసి ఏది పనిచేసిందో చెప్పలేని కుర్రాణ్ని ఆఫీసులో ఈ మనిషి చీల్చి చెండాడతారు. ఇంట్లో ఒకే వారాంతంలో ఇన్ని మార్పులు జరిగితే, అందులో ఎక్కువ వాళ్లమ్మే చేస్తే, ఘనత మాత్రం సీసాది. సీసాకు ఖరీదుంది, లేబుల్ ఉంది. లైటు ఆర్పడానికి లేబుల్ లేదు.

న్యాయంగా చెప్పాలంటే హెంప్‌ను మొత్తంగా తీసిపారెయ్యలేం. గింజల్లో ప్రొటీన్ దండిగా ఉంటుంది, నూనె తీశాక మిగిలే చెక్క మన తెలగపిండికి చుట్టం. పెట్టల మేతలో ఆ పిండికి 2024లో అమెరికా మేతల అధికారుల సంఘం సరేనంది కూడా. కాండం తునకలు తేమ పీలుస్తాయి, కోడికి గీరుకునే పని కల్పిస్తాయి. లక్ష్మికి మేలు జరిగి ఉంటే ఆ దారినే జరిగి ఉంటుంది, మనశ్శాంతి దారిన కాదు. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై విశ్వవిద్యాలయం వాళ్లు కోళ్లకు గంజాయి మొక్కే పెట్టి చూశారని బావగారు ఉదాహరిస్తారు. నిజమే, కానీ వాళ్లు చూసింది యాంటీబయాటిక్స్ తగ్గుతాయా అని. గుండమ్మల స్వభావం మారుతుందా అని కాదు. జర్మనీలో పాడి ఆవులకు హెంప్ ఆకులూ పూలూ ఉన్న మేత పెడితే ఆవులు ఆవలించాయి, మత్తు పదార్థం పాలలోకి దిగిందని 2022లో వెల్లడైన సంగతి మాత్రం ఆయన ఎందుకో ఉదాహరించరు. గుడ్లు పంచే మనిషి కదా.

మీ పెరట్లోనూ కోళ్లు ఈకలు పీక్కుంటుంటే ముందు రెక్కల కింద కోడిపేలు చూడండి. కోడికి కూప్‌లో 4 చదరపు అడుగులు, బయట 8 నుంచి 10 చదరపు అడుగుల చోటుందో లేదో కొలవండి. చిరుతిళ్లు తగ్గించి, ఈకలు రాల్చే నెలల్లో ప్రొటీన్ 18 నుంచి 20 శాతం ఉన్న మేత పెట్టండి. రాత్రి లైటు ఆర్పండి. నెత్తురు కారేదాన్ని వెంటనే విడిగా పెట్టండి. ఇంకా ఆగకపోతే మీ ఇంటి గుండమ్మను ఒక వారం గంప చాటున ఉంచండి. తైలం సీసా కొనకండి.