కర్చీఫ్‌కు టికెట్టుందా?

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడం మన ఒక్కరి విద్యేనని మురిసిపోతుంటాం. అమెరికా వాళ్లు దాన్ని 30 వేల అడుగుల ఎత్తున ఆడి చూపించారు. 1971లో టెక్సాస్‌లో రెక్క విప్పిన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అర్ధశతాబ్దం పైగా ఎవరికీ సీటు నంబరే ఇవ్వలేదు. ఎక్కే క్రమానికి మాత్రం ఏ, బీ, సీ గుంపులు, గుంపుకు 60 నంబర్లు, గేటు దగ్గర స్తంభాల పక్కన బడిపిల్లల్లా వరుస. ఆ క్రమశిక్షణంతా విమానం గుమ్మం దాకానే.

గుమ్మం దాటాక చూడాలి. ఇంటిల్లిపాదీ వస్తున్నా ముందు నంబరుకు డబ్బు కట్టేది ఒక్కడికే. ఆ మహావీరుడు లోపలికెళ్లి ఒక సీట్లో తాను కూలబడతాడు. పక్కసీట్లో జాకెట్, ఆ పక్కన హ్యాండ్‌బ్యాగ్, వెనక వరసలో సగం తిన్న చిప్స్ ప్యాకెట్. అడిగితే "మావాళ్లు వస్తున్నారండీ" అంటాడు. ఆ మావాళ్లు సీ-40. ఇంకా గేటు దగ్గర పిజ్జా తింటున్నారు. 24 గంటల ముందే అలారం పెట్టుకుని చెక్ఇన్ చేసి బీ-3 తెచ్చుకున్న ఒంటరి ప్రాణి మాత్రం చిప్స్ ప్యాకెట్‌కు దణ్ణం పెట్టి, వెనకెక్కడో మధ్య సీట్లో ఇరుక్కోవాలి.

మన బస్సులో అయితే ఏ పెద్దావిడో ఆ కర్చీఫ్ తీసి వాడి చేతిలోనే పెట్టి, "దీనికి టికెట్టుందా నాయనా?" అని చతికిలబడేది. అక్కడ "సారీ" చెప్పుకుంటూ కదిలిపోవడమే నాగరికత!

మరి కంపెనీ ఏమనేది? సీటు పట్టొచ్చని రూలు లేదు, పట్టకూడదనీ లేదు. మీరూ మీరూ చూసుకోండన్నట్టు ఓ చిరునవ్వు. తగువు ఉచితం, తగువు తప్పించుకునే ముందు నంబరుకు మాత్రం రుసుం. మౌనానికి ఇంత గిరాకీ ఉంటుందని మన మునులకు తెలియక అడవుల్లో ఊరికే చేశారు.

2026 జనవరి 27 నుంచి అక్కడా సీటు నంబర్లొచ్చాయి. పాత వీరులు ఊరుకుంటారా? "మా ఆవిడ వెనకుంది, కాస్త మారతారా?" అని మొదలుపెట్టే ఉంటారు. కంపెనీ మాత్రం వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ముందు వరసల మీద, కాళ్లు చాపుకునే జాగా ఉన్న సీట్ల మీద ఇప్పుడు తనే కర్చీఫ్ వేసి కూర్చుంది. అదనంగా డాలర్లు కడితే తీస్తుంది.